సెనేటర్ గారి టైము

తమ కౌంటీలో ఇకమీదట లెక్కలు రానివాళ్ళంటూ ఉండబోరని సెనేటర్ వర్జిల్ క్లటర్ గారు సోమవారం పొద్దున కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు నడిబొడ్డున నిలబడి ప్రకటించారు. ఎందుకు ఉండరో, ఉన్నవాళ్ళు ఎక్కడికి పోతారో మాత్రం చెప్పలేదు. అంత పెద్ద ప్రకటనలో అంత చిన్న సంగతులు ఇమడవు.

"నేను బతికుండగా ఈ కొండల్లో పుట్టిన ఏ బిడ్డా సున్నా క్లాసులో కూర్చోడానికి వీల్లేదు!" అని మైకు పట్టుకుని గర్జించి, ఆ గర్జనకే దగ్గు తెరలు వచ్చి ఆగిపోయారు.

జనం ఓపిగ్గా ఎదురుచూశారు. సెనేటర్ గారు కోటు జేబులోంచి దగ్గుమందు సీసా తీశారు. రెండో జేబులోంచి గీతలున్న బుల్లి ప్లాస్టిక్ కప్పు తీశారు. ఒక కన్ను మూసి, కప్పుని వెలుతురుకెత్తి, మందు సరిగ్గా గీతకి తాకేదాకా బొట్టు బొట్టుగా ఒంపారు. గీత దాటిందన్న అనుమానం వచ్చి ఒక బొట్టు వెనక్కి పోశారు. అప్పుడు తాగారు. జనం చప్పట్లు కొట్టారు. ఇంత జాగ్రత్తపరుడి చేతిలో రాష్ట్రం ఉన్నందుకు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చని జనంలో పెద్దాయన ఒకరు అన్నారు, సభకి వచ్చినవాళ్ళకి పంచిన రొట్టెని గ్రేవీలో ముంచుకుంటూ.

ఆఖరి వరసలో కూర్చున్న లేసీ స్టాంపర్ తనకిచ్చిన రొట్టె ముట్టుకోలేదు. ఆమె వచ్చింది ప్రసంగం కోసం కాదు, ప్లేస్‌మెంట్ టెస్టు కోసం. ప్రసంగం అయ్యేదాకా పరీక్ష గది తాళం తీసేది లేదన్నారు.

సున్నా క్లాసంటే కోర్సు నంబరు సున్నాతో మొదలయ్యే లెక్కల క్లాసు. ఫీజు అందరితో సమానం, హోంవర్కు అందరికంటే ఎక్కువ, డిగ్రీలో మాత్రం దానికి లెక్క లేదు. కాలేజీలో ఏ కోర్సుకి పేరివ్వాలన్నా ముందు ఈ టెస్టు రాయాలి. తప్పితే సున్నా క్లాసు. అందులో పడ్డవాళ్ళు రెండు సెమిస్టర్లు అందులోనే ఉంటారు. ఆ తరవాత వాళ్ళు ఏమయ్యారని ఎవరూ అడగరు.

లేసీకి కావలసింది నర్సింగ్ కోర్సులో సీటు. ఈ శుక్రవారంతో పేర్లు తీసుకోవడం ఆఖరు. సున్నా క్లాసులో పేరున్నవాళ్ళకి నర్సింగ్ మొహం చూపించరు. పదకొండో క్లాసు చదువుతుండగా కడుపులో పడ్డ కూతురు విన్నీకి ఇప్పుడు మూడేళ్ళు. అప్పుడు మానేసిన బడికి బదులు ఏదో సర్టిఫికెట్ పరీక్ష కట్టి గట్టెక్కింది. ముసలివాళ్ళ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని చేస్తూ, నర్సులు గ్లవుజులు తొడుక్కోవడం ఏడాది పాటు గుమ్మంలోంచి చూసింది. ఆ ఏడాదీ దుప్పట్లు ఆరబెట్టే డ్రయ్యరు తిరుగుతున్నంతసేపూ లెక్కలు చేసింది. విన్నీకి చెవిపోటు వచ్చిన రోజుల్లో ఒక చేత్తో పిల్లని జోకొడుతూ రెండో చేత్తో ఫోనులో పాఠాలు చూసింది. ఇప్పుడు కూడా పిల్ల ఒంట్లో వేడి ఉందేమోనని ఆమె సగం ప్రాణం పార్కింగ్ లాట్‌లో, అమ్మమ్మ పికప్ ట్రక్కులో ఉంది.

"ఆ పరీక్షేదో నేనూ రాస్తాను!" అన్నారు సెనేటర్ గారు ఉన్నట్టుండి. "ప్రజలు రాసేది నేను రాయకపోతే నేను ప్రజల మనిషినెలా అవుతాను?"

కాలేజీ ప్రెసిడెంటు డాక్టర్ లెలాండ్ పూల్ గారి మొహంలో చిరునవ్వు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. ఆయన డాక్టరేటు పార్కుల నిర్వహణలో. మొక్కని చూడగానే ఎండిపోతుందో లేదో చెప్పగలరు.

పరీక్ష గదిని చూసుకునేది మిసెస్ ఓనా. సెనేటర్ గారికి మధ్య కంప్యూటరు, ప్రజలకి చుట్టూ ఉన్నవి ఇచ్చింది. లేసీకి ఆయన పక్క కుర్చీ పడింది.

"అందరూ వినండి," అంది మిసెస్ ఓనా రోజూ చెప్పే గొంతుతో. "జవాబు కరెక్టయితే మిషను ఇంకాస్త కష్టమైంది ఇస్తది. తప్పయితే ఇంకాస్త తేలికైంది ఇస్తది. మీ తాహతేంటో తెలిసిందాకా అడుగుతానే ఉంటది. తెలిసిపోయిందనుకో, ఆపేస్తది. టైము పట్టింపు లేదు. పక్కోడి స్క్రీన్ చూస్తే లేపి బయటికి పంపిస్తా, ఎవరైనా సరే."

ఆఖరి మాట అన్నాక ఆమెకి మధ్య కంప్యూటరు గుర్తొచ్చింది. కానీ అప్పటికే అనేసింది.

లేసీకి మొదట భిన్నాలు వచ్చాయి. చేసింది. తరవాత శాతాలు. అవీ చేసింది. ఎక్స్‌లు వచ్చాయి, ఎక్స్ పక్కన వైలు వచ్చాయి, తరవాత వంకర గీతలు వచ్చాయి. మిషను తన మీద ఏదో పగబట్టిందని ఆమెకి అనుమానం వచ్చింది. చిత్తు కాగితం నిండిపోయింది, ఇంకోటి అడిగింది. విన్నీ ఏడుస్తుందేమో, ట్రక్కులో హీటరు పనిచేస్తోందో లేదో, ఇంతకీ ఈ గీత పైకి పోతోందా కిందికా.

పక్కనుంచి కుర్చీ చప్పుడైంది.

"అయిపోయింది!" అన్నారు సెనేటర్ గారు.

ఆయనతోపాటు లోపలికి వచ్చిన కాఫీ కప్పు మీద ఇంకా ఆవిరి పోలేదు.

గది మొత్తం తలెత్తి చూసింది. స్క్రీన్ మీద 'ధన్యవాదాలు' అని ఉంది. దాని కింద ఇంకో లైను కూడా ఉంది. డాక్టర్ పూల్ గారు అడుగు ముందుకేసి ఆ లైనుకి అడ్డంగా నిలబడ్డారు. మిసెస్ ఓనా ఆయన వంక చూసింది. ఆయన పైకప్పు వంక చూశారు. అక్కడ ట్యూబులైటు ఉంది, బాగానే వెలుగుతోంది.

"మిషన్‌కి నన్ను అడగడానికి ఇంకేమీ మిగల్లేదు," అన్నారు సెనేటర్ గారు, పత్రికల వాళ్ళకి వినపడేలా. "నిజం చెప్పాలంటే చివరికొచ్చేసరికి అది కాస్త భయపడింది. నేను నొక్కేకొద్దీ మరీ తేలికైనవి ఇచ్చి బతిమాలుకుంది."

ఫొటోలు తీశారు. వెళ్ళబోతూ సెనేటర్ గారు లేసీ భుజం తట్టారు. "పాపం, ఇంకా అవ్వలేదా తల్లీ? బాధపడకు. దేవుడు అందరికీ ఒకే బుర్ర ఇవ్వడు."

"సరే సార్," అంది లేసీ. వంకర గీత పైకే పోతోంది. నొక్కింది. ఇంకోటి వచ్చింది.

ఆమె పరీక్ష అయ్యేసరికి సెనేటర్ గారు పత్రికల వాళ్ళతో మాట్లాడారు, భోజనం చేశారు, భోజనం గురించి మాట్లాడారు, కారెక్కి వెళ్ళిపోయారు. మిసెస్ ఓనా ఫలితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"క్యాలిక్యులస్ ఇచ్చిందే నీకు! ఎక్కడ చదివావు పిల్లా?"

"డ్రయ్యరు దగ్గిరండి."

లేసీ మెట్లు రెండేసి దిగుతూ రిజిస్ట్రేషన్ కౌంటరుకి పరిగెత్తింది. కౌంటరులో గోళ్ళకి నీలం రంగేసుకున్న అమ్మాయి, పేరు కేడీ, ఫలితం చూసింది, గడియారం చూసింది, లేసీ వంక జాలిగా చూసింది.

"మీకు సున్నా క్లాసండీ."

"కాదండీ, క్యాలిక్యులస్ వచ్చింది. చూడండి, అక్కడే ఉంది."

"వచ్చిందండీ. ఆలస్యంగా వచ్చింది."

"ఆలస్యమేంటి? టైము పట్టింపు లేదన్నారుగా!"

"అది పొద్దున. మధ్యాన్నం నించి క్లటర్ కొలమానం అమల్లోకి వచ్చింది. సెనేటర్ గారికి పట్టిన టైముకంటే ఎక్కువ పట్టినవాళ్ళంతా సున్నా క్లాసే. ఆ లోపు ముగించినవాళ్ళకి నేరుగా క్యాలిక్యులస్. ప్రెసిడెంటు గారి ఉత్తర్వు. కొత్త బిల్డింగుకి ఫండ్స్ ఇస్తామని సెనేటర్ గారు లంచ్‌లో అన్నారంట. ప్రెసిడెంటు గారు అప్పుడే అక్కడే లేచి నిలబడి ప్రకటించేశారు."

"సున్నా క్లాసే ఉండదన్నాడు కదా పొద్దున?"

"మీలాంటివాళ్ళు ఉన్నన్నాళ్ళు ఉండక తప్పదు కదండీ," అంది కేడీ, నొప్పించకుండా. "మార్కులు చూడ్డం పాత పద్ధతంట. అందులో తెలివైనవాళ్ళెవరో కానివాళ్ళెవరో తెలిసిపోతోంది, అది ప్రజాస్వామ్యం కాదన్నారు. రాసిన మూడు రోజులకి, అంటే గురువారం, కావాలంటే మళ్ళీ రాయొచ్చు. ఒక్క ఛాన్సే."

పికప్ ట్రక్కులో అమ్మమ్మ నెల్డా సీటు వెనక్కి వాల్చి రేడియోలో భజన పాటలు వింటోంది. విన్నీ ఆమె పొట్ట మీద పడి నిద్రపోతోంది. లేసీ ముందు పిల్ల నుదుటి మీద చెయ్యేసి చూసింది. చల్లగానే ఉంది. అప్పుడు ఏడ్చింది.

"ఆ సెనేటరు ఇందాకే పోయాడు, మూతి తుడుచుకుంటా," అంది నెల్డా. "నువ్వు ఇంతసేపు చేస్తుంటే ఆ గదిలో పెళ్ళి చేసుకుంటున్నావేమో అనుకున్నా. ఎందుకేడుస్తున్నావు, తప్పావా?"

లేసీ జరిగింది చెప్పింది. నెల్డా రేడియో ఆపింది. భజన మధ్యలో రేడియో ఆపడం ఆమె జీవితంలో అరుదు.

"అంటే వాడు అన్నీ తప్పు చేసి తొందరగా బయటపడ్డాడు. నువ్వు అన్నీ రైటు చేసి ఇరుక్కున్నావు."

"ఊ."

"మరింకేం పిచ్చిదానా? గురువారం పోయి అన్నీ తప్పు నొక్కు."

"అమ్మమ్మా! అవన్నీ నేర్చుకోడానికి నాకు ఏడాది పట్టింది."

"మర్చిపోడానికి గురువారం దాకా టైముంది," అంది నెల్డా, బండి స్టార్ట్ చేస్తూ.

మంగళవారం నుంచే కౌంటీలో లెక్కల ప్రతిభ ఉప్పెనలా పొంగింది. మునుపు సున్నా క్లాసులో మగ్గినవాళ్ళు గుంపులుగా వచ్చి, కుర్చీ వెచ్చబడకముందే లేచి, క్యాలిక్యులస్‌లో పేరిచ్చి పోయారు. ఈ కొండల్లో ఇన్నాళ్ళూ మరుగున పడ్డ మేధస్సుని సెనేటర్ గారు వెలికి తీశారని పత్రికలో సంపాదకీయం వచ్చింది. అదే పేజీలో క్యాలిక్యులస్ చెప్పడానికి మాస్టార్లు కావాలని కాలేజీ వాళ్ళ ప్రకటన వచ్చింది.

బుధవారం ఒక అపశ్రుతి దొర్లింది. టైర్ల కొట్టులో పనిచేసే రస్టీ అనే కుర్రాడు వచ్చి, స్క్రీన్ వంక చూడకుండా సోడా తాగుతూ ఎడం చేత్తో టకటకా నొక్కి, సెనేటర్ గారి టైముకంటే ముందే లేచిపోయాడు. 'సెనేటర్ రికార్డు బద్దలు' అని పత్రికలో వేశారు. రస్టీ టైరు మీద కూర్చుని నవ్వుతున్న ఫొటో కూడా వేశారు.

సెనేటర్ గారి ఆఫీసు నుంచి డాక్టర్ పూల్ గారికి ఫోనొచ్చింది. ఆయన ఫోను పట్టుకుని లేచి నిలబడ్డారు. పెట్టేశాక కూర్చున్నారు. కూర్చుని కొత్త ఉత్తర్వు ఇచ్చారు. సెనేటర్ గారి కంటే వెనకబడడం అజ్ఞానం, ఆయన్ని మించిపోవడం అహంకారం. రెంటికీ సున్నా క్లాసే. సిసలైన విద్యార్థి సెనేటర్ గారితోపాటు ముగిస్తాడు.

ముందు కాదు, వెనక కాదు. తోపాటు.

గురువారం పరీక్ష గదిలో ఖాళీ లేదు. బాస్కెట్‌బాల్ కోర్టులో ఆట ముగిసినప్పుడు మోగించే బజరు తీసుకొచ్చి మిసెస్ ఓనా బల్ల మీద పెట్టారు. సెనేటర్ గారి టైము రాగానే ఆమె నొక్కాలి. అది మోగగానే అందరూ ఆఖరి జవాబు నొక్కాలి. చూడ్డానికి సెనేటర్ గారే స్వయంగా వేంచేశారు. పత్రికల వాళ్ళు గోడ పొడుగునా నిలబడ్డారు.

"ఈ బజరు నేను ముప్పై ఏళ్ళుగా ఆటల్లో విన్నా," అంది మిసెస్ ఓనా, ఎవరితోనూ కాకుండా. "ఇంత పోటీ ఎప్పుడూ చూళ్ళేదు."

పరీక్ష మొదలైంది. లేసీకి భిన్నం వచ్చింది. జవాబు కళ్ళముందు నిలబడి చెయ్యూపుతోంది. దాన్ని తప్పించుకుని పక్కదాన్ని నొక్కింది. తప్పు చెయ్యడం ఇంత కష్టమని ఆమెకి తెలీదు. తప్పేదో తెలుసుకోవాలంటే ముందు లెక్క చెయ్యాలి మరి. చుట్టుపక్కలవాళ్ళు హాయిగా నొక్కుకుంటూ పోతున్నారు. మిషను కిందికి దిగింది. కూడికలకి వచ్చింది. అక్కడినుంచి బొమ్మలకి వచ్చింది, ఆపిల్ పండ్లు ఎన్ని అని.

ఒకరి తరవాత ఒకరు, ఇంకొక్కటి తప్పితే మిషను ఆపేసే ఆఖరి ప్రశ్నకి చేరుకున్నారు. చేతులు మౌసు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. గది నిండా మనుషులు, ఎవరూ కదలరు, ఎవరూ రాయరు. అందరి కళ్ళూ గోడ గడియారం మీద. ఆ క్రమశిక్షణ చూసి సెనేటర్ గారి కళ్ళు చెమర్చాయి.

లేసీకి ఆఖరి ప్రశ్న వచ్చింది.

'చిన్నపిల్లకి జ్వరం మందు పూటకి అర చెంచా ఇవ్వాలి. రోజుకి రెండు పూటలు. రోజు మొత్తానికి ఎంత ఇవ్వాలి?' కింద నాలుగు జవాబులు. ఒక చెంచా. అయిదు చెంచాలు. పది చెంచాలు. సీసా మొత్తం.

ఆమె చెయ్యి మౌసు మీంచి తీసేసింది.

పోయిన నెల విన్నీకి చెవిపోటుతో జ్వరం వచ్చినప్పుడు ఇదే మందు, ఇదే అర చెంచా. పోసే ముందు సీసా మీదున్నది చదివింది, పోశాక మళ్ళీ చదివింది, పిల్ల మింగాక ఇంకోసారి చదివి, అమ్మమ్మని లేపి ఆమెతోనూ చదివించింది. "సగం చెంచాకి ఇంత గొడవా? నేను అయిదుగుర్ని పెంచా," అని నెల్డా తిట్టింది. తిట్టి, కళ్ళజోడు వెతుక్కుని, చదివింది.

ఒక చెంచా నొక్కితే రైటు. రైటయితే మిషను ఆగదు, ఇంకోటి ఇస్తుంది. బజరు దాటిపోతుంది. సున్నా క్లాసు. రెండు సెమిస్టర్లు. దుప్పట్లు.

మిగతా మూడింటి వంకా చూసింది. అయిదు చెంచాల మీద బాణం పెట్టింది. పిల్ల మెడ వాల్చేసినట్టు అనిపించి తీసేసింది. స్క్రీన్ మీద పిల్లకి పేరు లేదని, మొహం లేదని, అది అసలు పిల్లే కాదని తనకి తాను చెప్పుకుంది. అయినా బాణం మళ్ళీ అక్కడ పెట్టలేకపోయింది.

బజరు మోగింది.

గదంతా ఒకేసారి టక్కుమంది. లేసీ కళ్ళు మూసుకుంది. "తప్పైపోయింది నాన్నా," అని పెదాల లోపలే అనుకుని, సీసా మొత్తం మీద నొక్కింది.

'ధన్యవాదాలు' అంది మిషను.

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టుకున్నారు. ఒకే కౌంటీ, ఒకే క్షణం, ఒకే ఫలితం. అందరూ సెనేటర్ గారితో సమానం. ఇంతటి సమానత్వం దేశంలో ఇంకెక్కడా సాధ్యం కాలేదని డాక్టర్ పూల్ గారు అన్నారు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కింది కౌంటరు నుంచి కేడీ పైకొచ్చి, ఈసారి జాలి లేకుండా, నర్సింగ్ కోర్సులో లేసీ పేరు రాసుకుంది.

సీటొచ్చింది. ఏడాది పాటు ఈ క్షణం కోసం డ్రయ్యరు పక్కన కలలు కంది. కలలో ఆమె గాల్లోకి ఎగిరేది. ఇప్పుడు నిలబడే ఉంది.

"ఈ అమ్మాయిని సోమవారం నేను చూశాను!" అన్నారు సెనేటర్ గారు, మైకు అందుకుని, లేసీ చెయ్యి పట్టుకుని పత్రికల వాళ్ళ ముందుకి లాగుతూ. "ఆ రోజు పాపం ఎంత వెనకబడి ఉంది! మూడు రోజుల్లో ఎక్కడికెదిగిందో చూడండి! రేపు ఏ ఆసుపత్రిలో ఏ ప్రాణమైనా సరే, ఇంత చురుకైన చేతుల్లో ఉంటుందని నేను ఈ రాష్ట్ర ప్రజలకి హామీ..."

దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు, గర్జించిన వారమంతా పోగుపడ్డ దగ్గు. మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నడుం వంగిపోయింది. జేబులోంచి సీసా తీశారు, కప్పు తీశారు. కప్పు చేతిలో నిలవలేదు.

డాక్టర్ పూల్ గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"మన కాబోయే నర్సే పోస్తుంది!" అన్నారు కెమెరాల వైపు తిరిగి. "కాలేజీ శిక్షణ ఎలా ఉంటుందో ప్రజలు కళ్ళారా చూస్తారు! మిసెస్ ఓనా, బజరు దగ్గిరుండండి! కమాన్ లేసీ, సెనేటర్ గారి టైములో!"

సీసా లేసీ చేతికి వచ్చింది. విన్నీ మందులాంటిది కాదు ఇది. చిక్కగా, నల్లగా ఉంది. చీటీ మీద ఎర్ర అక్షరాలు చాలా ఉన్నాయి, ఎక్కువైతే ఏమేం అవుతుందో వరసగా రాసి ఉంది. ఆమె మూత తీసి కప్పు మీదికి వంచి ఆగింది.

గదిలో ఇందాక పరీక్ష రాసినవాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. మిసెస్ ఓనా వేలు బజరు మీద ఉంది. డాక్టర్ పూల్ గారు గడియారం చూస్తూ పెదాలతో లెక్కపెడుతున్నారు.

సెనేటర్ గారు అరచేత్తో మైకు మూశారు. రెండో చేత్తో లేసీ మణికట్టు గట్టిగా పట్టుకుని, చెవి దగ్గరికి వంగారు.

"తల్లీ," అన్నారు. గొంతు పీలగా వచ్చింది. "మెల్లిగా. చీటీ మీద ఏముందో చదివి పొయ్యి."

"మీ టైము దాటిపోతది సార్."

"దాటనీ తల్లీ," అన్నారు సెనేటర్ గారు. "దాటనీ."

లేసీ సీసాని వెలుతురు వైపు తిప్పి, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది.